బోనెట్ మీద నాలుగు రంగులు: ఒక డిస్పోజల్ జీపు డైరీ

మొదటి వారం

బండి షెడ్డులోకి వచ్చింది. నడిచి రాలేదు, ట్రాలీ మీద గొలుసులతో కట్టి తెచ్చి, నలుగురం తోసి లోపల పెట్టాం. ఎడమ ముందు చక్రం తిరగడం లేదు, బ్రేకు షూలు డ్రమ్ముకి కరుచుకుపోయాయి. స్టీరింగు మాత్రం రెండు పక్కలకీ చివరిదాకా తిరుగుతోంది, గేర్లు పడుతున్నాయి, ఇంజను బ్లాకులో పగులు కనపడలేదు. ఇన్నేళ్లు ఎండకీ వానకీ నిలబడిన బండికి ఇది మంచి స్థితే.

రెండో ప్రపంచ యుద్ధం నాటి జీపు ఇది. అమ్మినాయనకి దీని గురించి తెలిసింది చాలా కొంచెం. వాళ్ల నాన్నగారు మిలటరీ డిస్పోజల్‌లో, అంటే సైన్యం తనకి అక్కర్లేని సామాను అమ్మేసినప్పుడు కొన్నారు, పొలం పనికి వాడారు, ఒక రోజు ఆగిపోతే అక్కడే వదిలేశారు. నాకు అది చాలు. యుద్ధాల గురించి ఎప్పుడు చదివినా నాకు మిగిలిపోయే ప్రశ్న ఒకటే: ఆఖరి రోజు తరవాత ఈ సామానంతా ఏమైంది? జీపులే తీసుకోండి, విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు రెండూ కలిసి 6 లక్షలకు పైగా తయారుచేశాయి. లారీలు, టెంట్లు, రేడియోలు, డ్రమ్ములు, విమానాలు లెక్కలోకి తీసుకోకుండానే ఇంత. ఆ ప్రశ్నకి జవాబులో ఒక ముక్క ఇప్పుడు నా షెడ్డులో ఉంది.

ప్లాన్ రాసుకున్నాను. బండిని పూర్తిగా విప్పాలి, ప్రతి పార్టునీ శుభ్రం చెయ్యాలి, 1944లో ఫ్యాక్టరీ గేటు దాటినప్పుడు ఎలా ఉందో అలా నిలబెట్టాలి. బోల్టుతో సహా.

రాత్రి టార్చి పట్టుకుని కింద దూరి చూశాను. విల్లీస్ జీపుకి ఛాసిస్ (బండి అడుగు చట్రం) ముందు క్రాస్‌మెంబర్, అంటే అడ్డ దూలం, గుండ్రటి గొట్టంలా ఉంటుంది, ఫోర్డ్ జీపుకి బోర్లించిన తొట్టిలా ఉంటుంది. నాది గొట్టం, కాబట్టి విల్లీస్. ఇంజను బ్లాకు మీద, ఆయిల్ ఫిల్టరు పక్కన కొట్టిన నంబరు కూడా విల్లీస్ మోడల్ పేరైన 'ఎంబీ'తోనే మొదలైంది. సంతోషంగా పైకి లేచి వెనక బాడీ తుడిస్తే, బ్రాకెట్ల మీద, బోల్టు తలల మీద, పనిముట్ల పెట్టె మూత మీద చిన్న చిన్న 'ఎఫ్' అక్షరాలు! ఫోర్డ్ వాళ్లు తమ పార్టులన్నిటి మీదా ఆ అక్షరం వేసేవారు. అంటే ఛాసిస్ ఒక కంపెనీది, బాడీ ఇంకో కంపెనీది.

రెండో వారం

నిజం చెప్పాలంటే మూడు రోజులు మనసు బాగాలేదు. రెండు తుక్కు బండ్లు కలిపి ఎవరో నాకు అంటగట్టారేమో అనిపించింది. తరవాత చదివితే అర్థమైంది, ఈ కలగలుపు చాలావరకు సైన్యం చేసిందే.

యుద్ధంలో దెబ్బతిన్న జీపుని రిపేరు డిపోలో ఒక్కో బండిగా చూసేవారు కాదు. ఇంజన్లన్నీ ఒక వరస, గేరుబాక్సులు ఒక వరస, యాక్సిల్స్ ఒక వరస, బాడీలు ఇంకో వరస. విప్పడం, ఓవర్‌హాల్ చెయ్యడం, ఏది ముందు సిద్ధమైతే దాన్ని దొరికిన ఛాసిస్‌కి బిగించి పంపడం. రెండు కంపెనీల పార్టులూ ఒకదానికొకటి సరిపోవాలన్నదే అసలు ఆర్డరులోని షరతు. యుద్ధం తరవాత కూడా ఇది ఆగలేదు. ఫ్రెంచి సైన్యం తన చేతికొచ్చిన అమెరికన్ జీపుల్ని పారిస్ దగ్గర లా మాల్తూర్నే డిపోలో ఏళ్ల తరబడి ఇలాగే విప్పి బిగిస్తూ వాడింది, చాలక హాచ్‌కిస్ కంపెనీతో లైసెన్సు మీద కొత్తవి చేయించుకుంది. అంటే మిగులు సామాను అనుకున్నది ఇంకో సైన్యానికి మొదటి సామాను అయ్యింది.

ఈ వారం పానా పట్టింది తక్కువ, చదివింది ఎక్కువ. కొన్ని విషయాలు ఇక్కడే రాసి పెట్టుకుంటున్నాను, ఎందుకంటే పని చేస్తున్నంతసేపూ ఇవే తలలో తిరుగుతున్నాయి.

సామాను వెనక్కి తీసుకెళ్లడానికి అయ్యే ఓడ ఖర్చు చాలాసార్లు సామాను విలువని మించిపోతుంది. ఓడలు కూడా ముందు మనుషుల్ని ఇంటికి చేర్చాలి. తీరా చేరిస్తే, ఇంటి దగ్గర కొత్త లారీలు అమ్ముకుందామని కూర్చున్న కంపెనీలకి లక్షల పాత లారీలు పోటీ. ఈ మూడు కారణాలూ కలిస్తే ఏమవుతుందో ఎస్పిరిటు సాంటో ద్వీపంలో చూడొచ్చు, ఇప్పటి వనువాటులో ఉంది. అప్పట్లో దాన్ని బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి పాలించేవి. అమెరికా సైన్యం వెళ్లిపోతూ బుల్డోజర్లు, లారీలు, జీపులు చవగ్గా ఇస్తాం తీసుకోమంది. ఎలాగూ వదిలేసి పోతారు కదా, ఊరికే వస్తుందని వాళ్లు బేరం తేల్చలేదు. చివరికి సైన్యం సముద్రంలోకి ఒక వాలు కట్టి, ఆ బండ్లన్నిటినీ ఒకదాని వెనక ఒకటి నీళ్లలోకి తోసేసింది. ఆ చోటు పేరు ఇప్పుడు మిలియన్ డాలర్ పాయింట్, డైవింగుకి వచ్చేవాళ్లు వెళ్లి చూస్తారు. పగడాలు పట్టిన యాక్సిల్ ఫోటో ఒకటి చూశాను, ఆ వెనక డిఫరెన్షియల్ నా బండి కింద ఉన్నదాని లాగే ఉంది. ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

అమెరికాలో 1944లోనే మిగులు ఆస్తి చట్టం ఒకటి చేశారు, యుద్ధం నుంచి వచ్చిన సైనికులకి కొనుక్కోవడంలో ముందు వరస ఇచ్చారు. పెట్టెలో ప్యాక్ చేసిన కొత్త జీపు 50 డాలర్లకే అని పత్రికల్లో చాలా ఏళ్లు ప్రకటనలు వచ్చేవి. డబ్బు పంపితే వచ్చేది జీపు కాదు, మిగులు సామాను ఎలా కొనాలో చెప్పే చిన్న పుస్తకం. ఓడల్లో పంపడానికి జీపుల్ని పెట్టెల్లో సర్దిన మాట నిజమే, అందుకే జనం అంతగా నమ్మారు.

మూడో వారం

చక్రాలు. ఇది చదివేవాళ్లలో ఎవరైనా ఈ బండి మీద పని చెయ్యబోతుంటే దయచేసి రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి.

మొదటిది, ఎడమ వైపు చక్రాల నట్లు ఎడమ మరవి. మామూలు నట్టు తిప్పినట్టు తిప్పితే వదలదు, ఇంకా బిగుసుకుంటుంది. పొడవాటి పైపు తగిలించి గట్టిగా లాగితే స్టడ్డు తెగిపోయింది, తెగాక తుడిచి చూస్తే దాని చివర 'ఎల్' అని గుర్తు ఉంది. రెండోది ఇంకా ముఖ్యం. మిలటరీ రిమ్ము రెండు ముక్కల్ని బోల్టులతో కలిపి చేసిన రకం ఉంటుంది. చక్రాన్ని పట్టుకున్నవి మధ్యలో హబ్బు దగ్గరున్న ఐదు నట్లే, వాటి బయట వలయంగా కనిపించే నట్లు రెండు ముక్కల్ని పట్టుకున్నవి. టైరులో గాలి ఉండగా ఆ బయటి నట్లు విప్పితే రిమ్ము పేలినట్టు విడిపోతుంది, మనుషులు పోయారు. ముందు వాల్వు పిన్ను తీసి గాలంతా పోనివ్వాలి, ఆ తరవాతే పానా.

డ్రమ్ము ఊడింది. లోపల పాత లైనింగు ఆస్‌బెస్టాస్, కాబట్టి గాలి కొట్టి దులపలేదు, తడి గుడ్డతో తుడిచి ఆ గుడ్డని సంచిలో కట్టి పెట్టాను. మాస్కు తియ్యలేదు. వీల్ సిలిండర్లు నాలుగూ పాడైపోయాయి, కొత్తవి పెట్టాలి.

ఐదో వారం

బాడీ ఛాసిస్ నుంచి లేచింది. బోల్టులు సగం తిరిగాయి, సగం కొయ్యాల్సి వచ్చింది.

ఫ్లోరు కింద అడ్డంగా టోపీ ఆకారంలో రేకు పట్టీలు ఉంటాయి. వాటి లోపల బలం కోసం చెక్క పెట్టారు. యుద్ధంలో బండి కొన్నాళ్లు ఆడితే చాలన్న లెక్కలో అది బాగానే ఉంది, కానీ చెక్క నీళ్లు పీల్చి దశాబ్దాల పాటు లోపలి నుంచి రేకుని తినేసింది. వేలితో నొక్కితే పొరలు పొరలుగా రాలింది. డ్రైవరు సీటు కింద పెట్రోలు ట్యాంకు కూర్చునే గుంట పూర్తిగా పోయింది, అక్కడ నీళ్లు నిలుస్తాయి.

అయితే పక్క సీటు ముందు, కాళ్లు పెట్టే చోట, ఎవరో పాత నూనె డ్రమ్ము రేకు కోసి వెల్డింగు చేశారు. డ్రమ్ము మీద ఉబ్బెత్తుగా ఉండే అక్షరాల్లో మూడు ఇంకా కనపడుతున్నాయి. వెనక ట్రెయిలర్ తగిలించడానికి సైన్యం పెట్టిన పింటిల్ కొక్కెం లేదు, దాని బదులు క్రాస్‌మెంబర్‌కి మందపాటి పట్టీ వెల్డు చేసి ఐదు కన్నాలు పెట్టారు, నాగలీ ట్రాలీ తగిలించుకోడానికి. నా ప్లాన్ ప్రకారం ఈ రెండూ కోసెయ్యాలి.

గ్రైండరు తీసుకోడానికి వెళ్తే, వెల్డింగు పనికి నాకు సాయం చేస్తున్న మెకానిక్ బాబాయ్ ఆ పట్టీ దగ్గర కూర్చుని ఉన్నారు. వెల్డింగు గీత మీద వేలు పెట్టి చివరిదాకా నడిపించారు.

"ఇది చేసినవాడు చెయ్యి తిరిగినవాడురా. కింద పడుకుని, తల మీద నిప్పులు పడుతుంటే ఇంత సాఫీగా గీత లాగడం మాటలు కాదు. దీన్ని ఎందుకు కొయ్యాలి?"

"ఒరిజినల్‌గా ఉండాలి కదా బాబాయ్. మిలటరీ వాళ్లు ఇచ్చినట్టు."

"మిలటరీ దగ్గర ఎన్నేళ్లు ఉంది? రెండేళ్లా? మూడేళ్లా? వీళ్ల దగ్గర ఎన్నేళ్లు ఉంది?"

జవాబు చెప్పలేకపోయాను. ఆ రోజు కొయ్యలేదు.

అమెరికా సైన్యం 1960ల నుంచి వాడిన ఎం151 అనే జీపు గుర్తొచ్చింది. దాని వెనక చక్రాల సస్పెన్షన్ వల్ల వేగంగా మలుపు తిప్పితే బోల్తా పడే ప్రమాదం ఉండేది. అందుకని పని అయిపోయాక మామూలు జనానికి బండిగా అమ్మకుండా, అడ్డంగా కోసి తుక్కుగా ఇచ్చేవారు. ఆ ముక్కల్ని కొని మళ్లీ కలిపి వెల్డింగు చేసుకున్నవాళ్లు ఉన్నారు! అది క్షేమమైన పని అని నేను చెప్పను, ఛాసిస్ లేని బాడీని కోసి అతికిస్తే దాని బలం మీద నాకు నమ్మకం లేదు. కానీ కోసేవాడు ఒకడుంటే అతికేవాడు ఒకడు ఉంటాడు, మిగులు సామాను చరిత్ర అంతా ఆ ఇద్దరి మధ్యే నడిచింది.

డ్రమ్ము రేకు సంగతి కూడా. ట్రినిడాడ్‌లో అమెరికా స్థావరాలు ఉండేవి, అక్కడి 55 గ్యాలన్ల నూనె డ్రమ్ముల అడుగు సుత్తితో కొట్టి స్వరాలు పలికించి, స్టీల్‌పాన్ అనే వాయిద్యం చేసుకున్నారు. అదే డ్రమ్ము నా బండిలో ఎవరి కాళ్లకిందో ఫ్లోరు అయ్యింది.

ఆరు, ఏడు వారాలు

రేకు పని, రేకు పని, రేకు పని. ట్యాంకు గుంట కొత్తగా చేయించాం. టోపీ పట్టీల్లో ఈసారి చెక్క పెట్టలేదు, నీళ్లు బయటికి పోడానికి కన్నాలు వదిలాం. ఇది ఒరిజినల్ కాదు, తెలుసు. మళ్లీ అదే చోట తుప్పు పట్టేలా చెయ్యడం నాకు ఇష్టం లేదు.

ఎనిమిదో వారం

ఈ వారం కోసమే ఈ డైరీ రాస్తున్నానేమో.

బోనెట్ మీద సైన్యం రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. అమెరికన్ జీపులకి అది 20తో మొదలవుతుంది. పైన ఎన్ని రంగులు వేసినా, ఓపికగా పొర పొరగా తీస్తే చాలాసార్లు నంబరు బయటపడుతుందని ఈ బండ్లు బాగుచేసేవాళ్లు అందరూ చెబుతారు. పొడిగా రుద్దకూడదు, పాత రంగుల్లో సీసం ఉంటుంది, దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 600 నంబరు వాటర్ పేపరు, సబ్బు నీళ్లు, చేతి గ్లవుజులు, మాస్కు. అరచేతి వెడల్పు చోటు, ఒక దిక్కుకే రుద్దడం.

పైన నీలం. నీలం కింద పసుపు. పసుపు కింద బూడిద రంగు, అది పలచగా ఉంది, బ్రష్షుతో వేసిన గీతలు తెలుస్తున్నాయి. దాని కింద ఆలివ్ ఆకుపచ్చ. ఆలివ్‌లో మళ్లీ రెండు ఛాయలు, కింద ఉన్నది కొంచెం గోధుమ వైపు. అంటే డిపోలో ఒకసారి సైన్యమే మళ్లీ రంగు కొట్టింది. రెండు ఆలివ్‌ల మధ్య నాలుగో రోజు సాయంత్రం తెల్లటి వంపు ఒకటి కనపడింది. చెయ్యి ఆపేశాను. కాగితం మార్చి 1000 తీసుకుని, ఇంకా నెమ్మదిగా. 2. తరవాత 0. తరవాత 3. ఆ పక్కన ఎవరో డెంట్ తీసి సుత్తితో సరిచేసిన చోట రంగు మొత్తం ఊడిపోయింది, ఒక అంకె సగమే ఉంది, దాని పక్కనివి అసలు లేవు. చివర మాత్రం 'ఎస్' స్పష్టంగా ఉంది. ఆ అక్షరం ఉంటే, ఇంజను స్పార్కుల గోల రేడియోలో వినపడకుండా ఫిల్టర్లు, రాగి అల్లిక పట్టీలు బిగించిన బండి అని అర్థం. ఇంజను నుంచి ఛాసిస్‌కి వేలాడుతున్న ఆ అల్లిక పట్టీని నేను పనికిరానిదని మొదటి వారమే పీకి డబ్బాలో పడేశాను. వెళ్లి తీసుకొచ్చి, కడిగి, లేబులు కట్టి పెట్టాను.

ప్రతి రంగు ఎవరో ఒకరు వేసింది. సైన్యం రంగు రెండు పొరలు, ఆ తరవాతి మనుషుల రంగు మూడు పొరలు. నీలం రంగు వేసినాయన బోనెట్ కింద అంచు కూడా వదలకుండా వేశాడు, బండిని ప్రేమగా చూసుకున్నవాడు. వాటన్నిటినీ గీకేసి కొత్త ఆలివ్ రంగు కొడితే చూడ్డానికి సినిమా బండిలా ఉంటుంది. కానీ దీన్ని సముద్రంలోకి తోసెయ్యకుండా, కొలిమిలో కరిగించకుండా బతికించింది సైన్యం కాదు. నాగలి తగిలించినవాళ్లు, డ్రమ్ము రేకు అతికినవాళ్లు, నీలం రంగు వేసినవాళ్లు.

ప్లాన్ మార్చాను. బాడీకి ఆలివ్ రంగే వేస్తాను, రేకు కొత్తది కాబట్టి ఏదో ఒక రంగు వెయ్యక తప్పదు. బోనెట్ మాత్రం ఉన్నది ఉన్నట్టు ఉంటుంది, నీలం రంగుతో, మధ్యలో రుద్దిన చోటు మెట్లు మెట్లుగా నాలుగు రంగులూ నంబరూ కనపడేలా, పైన మ్యాట్ క్లియర్ కోటు. వెనక పట్టీ ఉంటుంది. డ్రమ్ము అతుకు ఉంటుంది. బాబాయ్‌కి ఫోన్ చేసి చెబితే "సరే, రేపు పొద్దున్నే వస్తా" అన్నారు, అంతే.

పదో వారం

ఇంజను. నాలుగు సిలిండర్లు, 2.2 లీటర్లు, 60 హార్స్ పవర్, వాల్వులు హెడ్డులో కాకుండా బ్లాకు పక్కన ఉంటాయి. కంప్రెషన్ చూస్తే మిగతా మూడు సిలిండర్లు 90కి పైన ఉన్నాయి, మూడో నంబరు సిలిండరు మాత్రం 55 దగ్గర ఆగిపోయింది. హెడ్డు విప్పితే మూడో ఎగ్జాస్టు వాల్వు పూర్తిగా మూసుకోకుండా గైడులో ఇరుక్కుంటోంది. రెండు రోజులు నూనె పోసి, కొంచెం కొంచెంగా తడుతూ వదిలించి, గ్రైండింగ్ పేస్టుతో సీటు మీద అరగదీశాను. టైమింగ్ చైను వదులైంది, మార్చేశాను.

ఇంజను కింద నూనె ఉండే సంపు విప్పితే అడుగున రెండు వేళ్ల మందం బురద. గరిటెతో తీస్తుంటే కాన్పూర్ లిబరేటర్ విమానాల కథ గుర్తొచ్చింది. అమెరికా నుంచి అద్దె ఒప్పందం (లెండ్-లీజ్) కింద వచ్చిన ఈ బీ-24 బాంబర్లని యుద్ధం అయ్యాక ఎవరూ ఎగరనివ్వకూడదని బ్రిటిష్ వాళ్లు కాన్పూరులో వాటిని కావాలనే పాడుచేసి వదిలేశారు, కొన్నిటి ఇంజన్లలో ఇసుక పోశారని చెబుతారు. స్వాతంత్ర్యం తరవాత బెంగుళూరు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్లు వెళ్లి, ఆ తుక్కులోంచి ఒక్కొక్కదాన్నీ ఎగిరేంత మాత్రం చేసి బెంగుళూరు తెచ్చి, పూర్తిగా ఓవర్‌హాల్ చేశారు. దాదాపు 40 విమానాలు. అవి 1968 దాకా భారత వాయుసేనలో పనిచేశాయి. ఇది చదివినప్పుడల్లా ఆ మెకానిక్కులకి దండం పెట్టాలనిపిస్తుంది. అమెరికాలో అదే రకం విమానాల్ని ఆరిజోనా రాష్ట్రం కింగ్‌మన్‌లో వేల సంఖ్యలో వరసగా నిలబెట్టి, ముక్కలు చేసి, కరిగించి అల్యూమినియం దిమ్మెలుగా పోశారు. వాటిలో కొన్ని ఫ్యాక్టరీ నుంచి నేరుగా అక్కడికే వచ్చాయి.

నా బురదలో ఇసుక లేదు. పాత నూనె, తుప్పు, రెండు స్ప్లిట్ పిన్ను ముక్కలు.

పదకొండో వారం

బాడీ వెనక మూల పనిముట్ల అర కడుగుతుంటే తుప్పులోంచి ఇత్తడి మెరిసింది. రైఫిల్ తూటా ఖాళీ గుల్ల. పేలిపోయినదే, మూతి తెరిచి ఉంది, వెనక పిన్ను దెబ్బ ఉంది. అయినా గుండె ఒక్క క్షణం ఆగింది. మిగులు బండి, మిగులు పెట్టె ఏది తెరిచినా సరే, పేలనిది దొరికితే ముట్టుకోకుండా దూరం జరిగి పోలీసులకి చెప్పండి. ఎంత పాతదైనా సరే.

వాహనాల సంగతి నయం, వాటికి కొనేవాడు ఉంటాడు. మందుగుండుకి కొనేవాడు లేడు. స్కాట్లాండుకీ ఉత్తర ఐర్లాండుకీ మధ్య బ్యూఫోర్ట్స్ డైక్ అనే లోతైన కందకంలో 10 లక్షల టన్నులకు పైగా మందుగుండు పారేశారు. బాల్టిక్ సముద్రంలో బోర్న్‌హోమ్ ద్వీపం దగ్గర జర్మన్ విషవాయు బాంబులు ముంచారు. వాటి డొక్కులు తుప్పు పట్టి, లోపలి మస్టర్డ్ గ్యాస్ గడ్డకట్టిన ముద్దల్లా చేపల వలల్లోకి వచ్చి జాలర్ల చేతులు కాల్చింది. వదిలించుకున్నాం అనుకున్నది ఎక్కడికీ పోలేదు, వేరేవాళ్ల వలలోకి పోయింది.

పదమూడో వారం

డ్యాష్‌బోర్డు మీటర్లు. స్పీడోమీటరు కేబులు లేదు, ఆయిల్ ప్రెషర్ మీటరు పనిచేస్తోంది, మిగతావాటి కోసం ఒక మిత్రుడు మిగులు మీటర్ల పెట్టె ఒకటి ఇచ్చాడు. అందులో రెండు చీకట్లో కనపడే రకం, అంకెల మీద గోధుమ రంగు పూత. అప్పటి పూతల్లో రేడియం ఉండేది. మెరుపు ఎప్పుడో చచ్చిపోయినా రేడియం చావదు, దాని సగం ఆయుష్షే 1600 ఏళ్లు. అద్దం విప్పితే ఆ పొడి ఊపిరిలోకి పోతుంది. విప్పలేదు. సంచిలో సీలు చేసి, అలాంటివి తీసుకునే వాళ్లకి ఇచ్చే ఏర్పాటు చేశాను.

మిగులు ఎలక్ట్రానిక్ సామాను గురించి మంచి మాట కూడా రాయాలి. 1945 డిసెంబరులో బెర్నార్డ్ లోవెల్ అనే శాస్త్రవేత్త సైన్యం వదిలేసిన రాడార్ సామాను ట్రెయిలర్ల మీద వేసుకుని జోడ్రెల్ బ్యాంక్ అనే పొలానికి వెళ్లాడు, ఎందుకంటే మాంచెస్టర్ ఊళ్లో ట్రాముల కరెంటు గోల పరికరాల్ని పనిచెయ్యనివ్వలేదు. అక్కడే తరవాత 76 మీటర్ల రేడియో టెలిస్కోపు కట్టారు. ఆ పెద్ద గిన్నెని పైకీ కిందకీ వంచే పళ్ల చక్రాలు రాయల్ సావరిన్, రివెంజ్ అనే యుద్ధనౌకల ఫిరంగి బురుజుల్లోంచి వచ్చాయి. నెదర్లాండ్స్ వాళ్లు జర్మన్లు వదిలేసి పోయిన వుర్జ్‌బర్గ్ రాడార్ గిన్నెతో 1951లో మన గెలాక్సీలోని హైడ్రోజన్ సంకేతం పట్టుకున్నారు. విమానాలు కూల్చడానికి చేసిన గిన్నె.

ఇంకోటి. విదేశాల్లో మిగులు సామాను అమ్మితే వచ్చిన డబ్బు ఆయా దేశాల కరెన్సీలో ఇరుక్కుపోయింది. దాన్ని డాలర్లుగా మార్చి తేవడం కుదరదని, ఆ డబ్బుతోనే విద్యార్థుల్నీ అధ్యాపకుల్నీ దేశాల మధ్య పంపుదామని సెనేటర్ ఫుల్‌బ్రైట్ ఒక సవరణ పెట్టాడు, 1946 ఆగస్టు 1న అది చట్టం అయ్యింది. ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ అక్కడ పుట్టింది. నా షెడ్డులో ఉన్న ఇలాంటి బండ్ల డబ్బు అది.

పదిహేనో వారం

వైరింగు అంతా గుడ్డ చుట్టిన రకమే వేశాం, 6 వోల్టులు. ప్లగ్గు గ్యాపు 30 థౌ, పాయింట్లు 20 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు). అల్లిక పట్టీలు మళ్లీ వాటి చోట్లలోకి వెళ్లాయి, కింద రంగు గీకి ఇనుముకి తగిలేలా బిగించాం, లేకపోతే అవి ఉన్నా లేనట్టే. కార్బురేటరు కడిగి కొత్త గాస్కెట్లు వేశాను. ట్యాంకు నమ్మకం లేక, పైన సీసా వేలాడదీసి పెట్రోలు ఇచ్చాం.

సెల్ఫ్ మోటారు ఇంకా వైండింగు నుంచి రాలేదు, కాబట్టి హ్యాండిల్‌తోనే తిప్పాలి. బొటనవేలు హ్యాండిల్ చుట్టూ చుట్టకూడదు, నాలుగు వేళ్ల పక్కనే ఉంచాలి, ఇంజను వెనక్కి తన్నితే వేలు విరుగుతుంది. చోక్ లాగి నాలుగు సార్లు తిప్పాను. ఐదోసారి ఒక్క సిలిండరు పలికింది. బాబాయ్ డిస్ట్రిబ్యూటర్ వెంట్రుకవాసి తిప్పారు. ఆరోసారి నాలుగూ అందుకున్నాయి.

సైలెన్సరు లేకుండా ఆ చప్పుడు షెడ్డు రేకులన్నిటినీ ఊపేసింది. ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచి 40 దగ్గర నిలబడింది. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. కళ్లు తుడుచుకున్నాను, పొగ వల్ల మాత్రమే కాదు.

పదిహేడో వారం

బండి తన కాళ్ల మీద బయటికి వచ్చింది. మొదటి గేరుకి సింక్రో (గేరు సాఫీగా పడేలా చేసే అమరిక) లేదు, పూర్తిగా ఆగాకే వెయ్యాలి. బ్రేకులు నాలుగూ పట్టాయి, కుడివైపు కొంచెం లాగుతోంది, షూలు సరిచెయ్యాలి. ముందు చక్రాల డ్రైవు కూడా పడింది.

ఆవరణ చివర రెండేళ్లుగా మట్టిలో దిగబడి ఉన్న పాత ట్రాలీ ఒకటి ఉంది. బాబాయ్ గొలుసు తెచ్చి వెనక పట్టీలో మధ్య కన్నానికి తగిలించారు. లో గేరులో పెట్టి, క్లచ్ నెమ్మదిగా వదిలాను. పట్టీ కిర్రుమనలేదు, వెల్డింగు కదలలేదు. ట్రాలీ లేచి వచ్చేసింది.

ఇంకా మిగిలిన పనులు: స్పీడోమీటరు కేబులు, సైలెన్సరు, సెల్ఫ్ మోటారు, ఎడమ ముందు నకిల్ సీలు కారుతోంది, ఇంజను వెనక సీలు కూడా కొంచెం.

రాత్రి బోనెట్‌కి క్లియర్ కోటు వేసే ముందు ఇంకోసారి టార్చిని పక్క నుంచి, రేకుకి ఆనించినట్టు పెట్టి చూశాను. అంకె సగమే ఉన్న చోట రంగు లేకపోయినా దాని అంచు రేకు మీద గీతలా నిలిచి ఉంది. కింద వంపు మూసుకుని ఉంది, పైన తెరుచుకుని ఉంది. 6. దాని పక్కన అంకెలు పూర్తిగా పోయిన చోట మాత్రం సుత్తి దెబ్బలే ఉన్నాయి, ఆ దెబ్బల లోపల పసుపు, పసుపు మీద నీలం.